రుస్తాఖ్ కోటలో గ్రూప్ ఫొటో

మత్రా రేవులో పట్టపగలు, ఎండు చేపల దుకాణం ముందు బేరమాడుతున్న ఖమరుద్దీన్ ఉన్నట్టుండి మోకాళ్ల మీద కూలబడ్డాడు. వడదెబ్బ అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఎవరో తలగుడ్డ తడిపి మొహం మీద నీళ్లు పిండారు. పక్కకి తిప్పబోతే అప్పుడు కనిపించింది, వీపు మీద ఎర్రటి మరక. సైలెన్సర్ బిగించిన పిస్టల్! కాల్చినవాడు అప్పటికే జనంలో కలిసిపోయాడు.

అది 1976 మే నెల. ఆ వారంలోనే ఢిల్లీలో, బోర్డు లేని ఒక ఆఫీసులో, కర్టెన్లు దింపిన గదిలో చీఫ్ పైపు వెలిగించుకున్నాడు.

"కూర్చో మనోహరం."

ఏజెంట్ మనోహరం కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతనంత నిదానమైన చెయ్యి, అతనంత చురుకైన కన్ను ఇంకొకరికి లేవని పేరు. ఆరు భాషలు అనర్గళంగా మాట్లాడతాడు. ఇంటికి వెళ్తే మాత్రం ఏ భాషలోనూ పలకరించే మనిషి లేడు.

"మెర్క్యురీ రింగ్," అన్నాడు చీఫ్. "మన నేవీ ఓడలు అరేబియా సముద్రంలో ఎప్పుడు ఎక్కడుంటాయో తెలుసుకుని అమ్ముకునే విదేశీ ముఠా. ఒమన్‌లో వాళ్ల మీద కన్నేసి ఉంచిన మనవాళ్లు ఒక్కొక్కరే పోయారు. మొన్న ఖమరుద్దీన్. మిగిలింది వీరాస్వామి, ఒక కాలు కుంటి. ఆ ముఠా నాయకుడి మొహం చూసి కూడా బతికున్న మనిషి అతనొక్కడే. ఆ సంగతి వాళ్లకీ తెలుసు."

"ఎక్కడున్నాడు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? రేడియో ఆపేశాడు. మన డిపార్ట్‌మెంట్‌లోనే ఎవరో అమ్ముడుపోయారని అతని అనుమానం. నా అనుమానమూ అదే. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకుంటాం?" చీఫ్ ముందుకి వంగాడు. "చనిపోయే ముందు ఖమరుద్దీన్ అతని దగ్గర్నుంచి ఒక్క కబురు పంపాడు. ఒక భార్యాభర్తల జంట రావాలి. మ్యూజియంలూ కోటలూ చూసుకుంటూ కారులో తిరగాలి. వీరాస్వామి దాక్కున్న చోటి నుంచే వాళ్లని చూస్తాడు. నమ్మకం కుదిరితే తనే మీకు ఎదురుపడతాడు. ఒంటరి మనిషి వస్తే మాత్రం రాడు. ఒంటరిగా వచ్చేవాళ్లు హంతకులని అతని లెక్క."

"కోడ్?"

"నువ్వు అడగాల్సింది, 'మా ఇంటి గోడకి ఏ బొమ్మ బాగుంటుంది?' జవాబు, 'గోడ ఖాళీగా ఉంటేనే బాగుంటుంది.' అతన్ని ప్రాణాలతో తీసుకురా. అంతే మిషన్."

"సార్, నాకు పెళ్లి కాలేదు."

"ఫైల్లో ఉంది. డిపార్ట్‌మెంట్ ఏర్పాటు చేసింది," అంటూ చీఫ్ బజర్ నొక్కాడు.

తలుపు తీసుకుని వచ్చినావిడని చూసి మనోహరం లేచి నిలబడ్డాడు. లేత నీలం వాయిల్ చీర, చేతిలో గాగుల్స్, గది మొత్తాన్ని ఒక్కసారి చుట్టి వచ్చిన పెద్ద పెద్ద కళ్లు. బొంబాయి బ్రాంచి ఏజెంట్, దెబోరా.

"వందనాలండీ," అంది. ఆ ఒక్క మాటతో మనోహరానికి ప్రకాశం జిల్లా గాలి తగిలింది. "మీరు ఒంగోలు మిషన్ హాస్టల్లో పెరిగారటగా? మా అమ్మ కనిగిరి బాప్టిస్టు చర్చిలో బైబిల్ ఉమన్, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేది."

హాస్టల్ అన్న మాట వింటే మనోహరానికి ముందు గుర్తొచ్చేది వేసవి సెలవులు. పిల్లలందరినీ ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లేవాళ్లు. ట్రంకు పెట్టెలు కదిలిపోయేవి, మంచాలు ఖాళీ అయ్యేవి. ఆఖరికి వార్డెనూ, వాచ్‌మనూ, మనోహరమూ మిగిలేవాళ్లు. వేసవిలో ఎక్కడికైనా వెళ్లడమన్నది అతను ఎరగడు. ఇన్నేళ్లకి ప్రభుత్వం వారు పూనుకుని, భార్యనిచ్చి మరీ అతన్ని వేసవి విహారానికి పంపిస్తున్నారు. అతనికి నవ్వొచ్చింది. నవ్వు వెనకాల ఇంకేదో కూడా వచ్చింది గానీ దాన్ని లోపలే ఉంచేశాడు.

*

మస్కట్‌లో లాండ్ రోవర్, దాంతోపాటు డ్రైవర్ భూమయ్య సిద్ధంగా ఉన్నారు. భూమయ్యది జగిత్యాల పక్క పల్లెటూరు. అక్కడ పనిచేసే రోడ్ల కంపెనీలో టిప్పర్ డ్యూటీ నుంచి మార్చి ఈ జంటకి డ్రైవర్‌గా వేశారు. వాళ్లు ఇండియాలో ఏదో మ్యూజియం తరఫున వచ్చారని, ఇక్కడి కళాఖండాలు చూసి ఎగ్జిబిషన్ పెడతారని మాత్రమే అతనికి తెలుసు.

"గీ ఎండల బొమ్మలు సూసుడేంది సార్?" అన్నాడు మొదటి రోజే. "గీ దినాలల్ల గీడి షేకులు, అర్బాబులే బయటికెల్లరు. మీరు మంచి శోకీనోళ్లున్నరు!"

ఖురుమ్ కొండ మీది మ్యూజియంతో ప్రయాణం మొదలైంది. పాత ఓడల నమూనాలు, రాగి కాలం నాటి కుండలు, వెండి నగలు. మనోహరం గాగుల్స్ లోపలి అంచున సన్నటి అద్దం ఉంది, తల తిప్పకుండా వెనక ఎవరున్నారో కనిపిస్తుంది. జేబులో పెన్ను పెన్నే కాదు, ట్రాన్స్‌మిటర్ కూడా. దెబోరా మెడలో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన జర్మన్ కెమెరా. అద్దంలో అనుమానించదగ్గ మనిషి కనిపించలేదు. వీరాస్వామీ కనిపించలేదు.

"ఏమండీ, ఆ ఓడ పక్కన నిలబడండి. కాస్త నవ్వండి. తీసేది పోలీసు కాదు, భార్య."

మనోహరం నిలబడ్డాడు. అతనికి ఇంతకు ముందున్న ఫొటోలన్నీ పాస్‌పోర్టులకి తీసినవే. వాటిలో నవ్వమని ఎవరూ అడగలేదు.

దెబోరా మాత్రం ఒక్క ఫొటో కూడా దిగేది కాదు. "ఏజెంట్ మొహం ఫిల్ములో పడకూడదండీ. మీది ఎలాగూ పడింది, నేను మిగులుతాను," అని నవ్వేసేది.

నిజ్వా సంతలో వెండి పిడికత్తులు చూశారు. వేడి హల్వాని ఆకు గిన్నెలో పెట్టించుకుని వేళ్లతో తిన్నారు. అక్కడ ఎవరింటికి వెళ్లినా ముందు ఖర్జూరం, తర్వాత ఖావా, అంటే పాలు లేని అరబ్బీ కాఫీ. ఆ చిన్న కప్పుని మణికట్టుతో అటూ ఇటూ ఆడిస్తే గానీ పోయడం ఆపరు. తాగుతుండగా ఇంటి పెద్ద అడుగుతాడు, "ఏం కబుర్లు?" అని. వచ్చినవాడు, "ఏమీ లేవు, అంతా క్షేమం," అనాలి. ఇల్లు కాలిపోయి వచ్చినవాడైనా సరే, ముందు అంతా క్షేమమే. అసలు సంగతి తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు. గూఢచారులకి ఇంతకంటే అనువైన మర్యాద ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మనోహరం ప్రతి ఇంట్లోనూ అంతా క్షేమమని చెప్పాడు, రెండో మాట ఎప్పుడూ చెప్పలేదు.

బహ్లాలో కుమ్మరి చక్రం దగ్గర దెబోరా చీర చెంగు దోపుకుని మట్టిలో చేతులు పెట్టింది. కుండ వంకర పోయింది. కుమ్మరి ముసలాయన పడీ పడీ నవ్వాడు. జబ్రీన్‌లో పాడుబడ్డ పాత కోట చూశారు. లోపల పైకప్పు నిండా ఎరుపూ నలుపూ రంగుల్లో పువ్వులూ తీగలూ వేసి ఉన్నాయి. మెడలు నొప్పి పుడుతుంటే ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకుని చూశారు.

"ఇంత అందమంతా కప్పుకేశారు. ఎవరు చూస్తారండీ?" అంది దెబోరా.

"నిద్ర పట్టని ఒంటరివాడు ఎవడైనా ఉండుంటాడు."

దెబోరా తల తిప్పి అతన్ని చూసింది. "మీకు ఉత్తరాలు ఎవరు రాస్తారు?" అని అడిగింది.

"జీవిత బీమా వాళ్లు," అన్నాడు మనోహరం.

ఆమె నవ్వలేదు. అతని చేతికి అంటిన దుమ్ముని తన చెంగుతో తుడిచింది. మనోహరం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇది డ్యూటీ, ఇది నాటకం, ఈ మనిషి నా మనిషి కాదు అని అతనికి తెలుసు. తెలిసీ సంతోషపడ్డాడు. ఆ సాయంత్రం రెస్ట్ హౌస్‌లో పక్క గదిలోంచి వినిపించే గాజుల చప్పుడు వింటూ, పనంతా త్వరగా అయిపోకూడదని కోరుకున్నాడు. వీరాస్వామి ఎక్కడో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురు చూస్తున్నాడన్న సంగతి గుర్తొచ్చి, సిగ్గుపడి దుప్పటి ముసుగు పెట్టాడు.

వీరాస్వామి జాడ మాత్రం ఎక్కడా లేదు. బురైమి చేరారు. సరిహద్దు దాటి అల్ ఐన్ కోటలోని మ్యూజియం కూడా చూసి వచ్చారు. తిరిగొచ్చాక, అత్తరు కొనుక్కొస్తానని దెబోరా ఒక్కతే బురైమి బజారులోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. అత్తరు తెచ్చింది. సామాను సర్దుతూ కెమెరా సంచీ అందుకున్న మనోహరం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సంచీ బరువు పెరిగింది. కొత్త లెన్స్ ఏదో కొనుక్కుందేమో అనుకున్నాడు. అడిగితే ఒక్క నిమిషం పని. అతను అడగలేదు.

*

బురైమి నుంచి సొహార్ వైపు దిగే దారి కొండల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. అప్పట్లో తారు లేదు, కంకర రోడ్డు. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఎండిన వాగు లోయ. భూమయ్య హారన్ కొడుతూ మలుపు తిరిగాడు. ఎదురుగా నీళ్ల టాంకరు, సరిగ్గా రోడ్డు మధ్యలో!

"కొండగట్టంజన్నా!" అని గావుకేక పెట్టి భూమయ్య స్టీరింగ్ గిర్రున తిప్పేశాడు. లాండ్ రోవర్ కంకర మీద జారింది. వెనక చక్రం ఒకటి లోయ అంచు దాటి గాలిలో తిరిగింది. మనోహరం నోట "ప్రభువా" అన్న మాట వచ్చింది. బండి ఊగి, కుదిపి, రాతి గోడకి ఆనుకుని ఆగిపోయింది.

దుమ్ము అణిగింది. ఎవరికీ దెబ్బల్లేవు. టాంకరు డ్రైవరూ భూమయ్యా హిందీలో ఒకరి వంశాన్ని ఒకరు ఎత్తి పొడుచుకుంటున్నారు. మనోహరానికి అదేమీ వినిపించడం లేదు. అతని గాగుల్స్ అంచు అద్దంలో, వెనక సీట్లో కూర్చున్న దెబోరా చెయ్యి ఒక్క క్షణం కదిలింది. నుదురు. గుండె. ఎడమ భుజం. కుడి భుజం.

సిలువ గుర్తు.

ఇది చదివేవాళ్లలో కొందరికి, అందులో ఏముంది, క్రైస్తవురాలేగా అనిపించవచ్చు. బాప్టిస్టు హాస్టల్లో పెరిగినవాడికి అలా అనిపించదు. ఆ గుర్తు వేసుకునేది ఆర్.సి.ఎం. వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు. బాప్టిస్టుల గుడిలో పుట్టి పెరిగిన పిల్ల కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది గానీ చేత్తో గుర్తు వేసుకోదు. ఎవర్నో చూసి సరదాగా వేసుకున్న ఒక కుర్రాడికి వార్డెన్ వాత తేలేలా వడ్డించడం మనోహరానికి బాగా గుర్తు. బైబిల్ ఉమన్ కూతురికి ఆ చెయ్యి అలవాటు ఎలా వస్తుంది? ట్రైనింగ్‌లో భాష నేర్పొచ్చు, ఊరి పేర్లు నేర్పొచ్చు, వందనాలు నేర్పొచ్చు. చావు ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం ఎవరికైనా చిన్నతనమే పైకి వస్తుంది.

ఈవిడ కనిగిరి దెబోరా కాదు. అసలు దెబోరా ఎప్పుడో, ఎక్కడో మాయమైపోయి ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌ని అమ్ముతున్న మనిషి ఈవిడే. వీరాస్వామి దగ్గరికి హంతకులు రానక్కర్లేదు. మనోహరమే కారెక్కించుకుని తీసుకెళ్తున్నాడు.

"నీళ్లు తాగండి. మొహం చూడండి, ఎలా పాలిపోయిందో," అంటూ దెబోరా ఫ్లాస్కు అందించింది. "ముందు మీరు తాగండి, తర్వాత నేను."

మనోహరం తాగాడు. గూఢచారికి అనుమానమే అన్నం. ఇవాళ మాత్రం ఆ అన్నం అతనికి మింగుడు పడలేదు. ఎవర్నైనా చూసి నేర్చుకుందేమో అని తనకి తాను చెప్పుకున్నాడు. ఆమెని ఇప్పుడే పట్టుకుంటే జంట విడిపోతుంది, జంట లేకపోతే వీరాస్వామి బయటికి రాడు అని ఇంకో కారణం వెతుక్కున్నాడు. ఈ రెండోది నిజమే. కానీ అసలు కారణం అది కాదని అతనికి తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది.

మర్నాడు పొద్దున రుస్తాఖ్ మలుపులో పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు, మనోహరం పక్కకెళ్లి పెన్ను మూత తిప్పాడు. అటువైపు ఒమన్ పోలీసు కెప్టెన్ హిలాల్, ఈ మిషన్‌కి స్థానిక సాయం.

"కోట గేటు దగ్గర సివిల్ డ్రెస్‌లో ఉండండి. నేను పిలిచేదాకా లోపలికి రావద్దు."

"అనుమానం ఎవరి మీద?"

మనోహరం లాండ్ రోవర్ వైపు చూశాడు. దెబోరా అతని కోసం ఖర్జూరాల్లో గింజలు తీసి పెడుతోంది.

"ఇంకా తెలియదు," అన్నాడు.

*

రుస్తాఖ్ కోటకి మరమ్మతులు జరుగుతున్నాయి. పై అంతస్తులో ఒక గదిని చిన్న మ్యూజియంగా మారుస్తున్నారు. వాళ్లు వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ గది కిందే ఉన్న హాల్లో సైట్ పనివాళ్లు గిన్నెలు విప్పుకుని కూర్చున్నారు. అందరూ తెలంగాణ వాళ్లే. భూమయ్య మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఏ ఊరే మీది?"

"మెట్‌పల్లి. నా పేరు లచ్చన్న. నువ్వు?"

"అరె, మనం పక్కపక్కనోళ్లమే! సార్, మీరు పోయి సూసి రాండ్రి. నేను గీల్లతోని ఇంత తింట."

పైగదికి ఒకటే తలుపు, ఒకటే సన్నటి కిటికీ. నేల ఖర్జూరపు దూలాల మీద మట్టి పరిచి వేసింది. కింద లచ్చన్న వాళ్ల మాటలు, గిన్నెల చప్పుడు స్పష్టంగా పైకి వినిపిస్తున్నాయి. నడుముకి పిడికత్తు కట్టుకున్న ముసలి కాపలాదారు చాప పరిచి ఖావా పోశాడు. కబుర్లు అడిగాడు. అంతా క్షేమం. గది చివర ఒక కుంటి మేస్త్రీ, గడ్డం నెరిసిన మనిషి, గోడకి సున్నపు గచ్చు నునుపు చేస్తున్నాడు. వీళ్ల వైపు ఒకసారి చూశాడు. దెబోరా మనోహరం భుజం మీద దుమ్ము దులపడం చూశాడు. మళ్లీ గోడ వైపు తిరిగాడు.

మనోహరం లేచి ఆ గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అడగకుండా ఉండిపోవచ్చు. బాగుందని చెప్పి దిగిపోవచ్చు. కానీ ఇవాళ కాకపోతే రేపు ఇంకో హంతకుడు వస్తాడు, అప్పుడు ఈ ముసలాయన పక్కన ఎవరూ ఉండరు.

"మేస్త్రీ గారూ, మా ఇంటి గోడకి ఏ బొమ్మ బాగుంటుందంటారు?"

తాపీ ఆగింది.

"గోడ ఖాళీగా ఉంటేనే బాగుంటుంది బాబూ."

"వీరాస్వామి గారూ," అన్నాడు మనోహరం మెల్లగా.

ముసలాయన తాపీని గచ్చు తట్టలో పెట్టేశాడు. "నా పేరెట్టి నన్ను ఎవరైనా పిలిచి ఎన్నాళ్లో అయింది," అన్నాడు. "ఖమరుద్దీన్ పోయాక నా పేరు నేనే మర్చిపోయినట్టుందయ్యా. దేశం తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తాం బాబాయిగారూ," అంది వెనకనుంచి దెబోరా. ఆమె కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు నిజమో కాదో మనోహరానికి ఈనాటికీ తెలియదు. "ఇంత మంచి రోజు మళ్లీ వస్తుందా? అందరం ఒక గ్రూప్ ఫొటో దిగుదాం. సెల్ఫ్ టైమర్ పెడతాను."

కెమెరాని స్టాండు మీద గది మధ్యలో బిగించింది. ఫొటో అనగానే కాపలాదారు తలపాగా సర్దుకుని, ఖావా కూజా చేతపట్టుకుని గోడ పక్కన నిటారుగా నిలబడ్డాడు. వీరాస్వామి చేతుల సున్నం లుంగీకి తుడుచుకుని అతని పక్కన చేరాడు. దెబోరా లివర్ తిప్పింది. కెమెరా సన్నగా గుర్‌మంటూ తిరగడం మొదలుపెట్టింది.

"అలాగే ఉండండి. చెంగు సర్దుకుని వచ్చేస్తాను," అని తలుపు వైపు నడిచింది.

సెల్ఫ్ టైమర్ పెట్టేది తీసేవాళ్లు కూడా ఫొటోలో ఉండడానికి. అది పెట్టి గదిలోంచి బయటికి నడిచే మనిషిని ఎవరైనా చూశారా? అందులోనూ ఒక్క ఫొటో కూడా దిగని మనిషి! బురైమిలో సంచీ బరువు ఎందుకు పెరిగిందో మనోహరానికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

రెండంగల్లో వెళ్లి తలుపు దగ్గర ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"భార్య లేకుండా గ్రూప్ ఫొటో ఏమిటి? చూసినవాళ్లు నవ్వరూ?"

"వదలండి. ఇప్పుడే వస్తాను."

"కలిసే దిగుదాం."

కెమెరా గుర్‌మంటోంది. కిటికీలోంచి విసరడానికి స్టాండుతో సహా పట్టే సందు లేదు. తలుపులోంచి విసిరితే మెట్ల కింద జనం. కుంటి వీరాస్వామి మెట్లు దిగేసరికి అందరి బతుకులూ తెల్లారిపోతాయి. ఆ యంత్రాన్ని ఎలా ఆపాలో మనోహరానికి తెలియదు. తెలిసిన మనిషి చెయ్యి మాత్రం అతని చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని ఆమెని గోడ దగ్గరికి లాక్కొచ్చి, వీరాస్వామి పక్కన నిలబెట్టి, తను ఆమె పక్కన నిలబడ్డాడు. కాపలాదారు సంతోషంగా కెమెరా వైపు చూస్తున్నాడు.

"పిచ్చా మీకు?" దెబోరా గొంతు తగ్గించి, పళ్లు బిగించి అంది. "అది కెమెరా కాదు. ఈ గది ఉండదు. మీరూ పోతారు!"

"తెలుసు. కింద భూమయ్య, లచ్చన్న వాళ్లు కూడా పోతారు. ఆపు."

"వదలండి, ముందు బయటికి పరిగెడదాం..."

"నాకు తొందర లేదు దెబోరా. నా కోసం ఎదురు చూసేవాళ్లు ఎవరూ లేరు. నాకు ఉత్తరాలు ఎవరు రాస్తారో నీకు తెలుసుగా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ మాట ఇంకెవరైనా అనుంటే బెదిరింపు అనుకునేది. ఇన్నాళ్లు ఒకే బండిలో తిరిగి, అతని ఒంటరితనాన్ని అణువణువూ చూసిన మనిషి ఈ ప్రపంచంలో ఆమె ఒక్కతే. ఇతను వదలడని ఆమెకి అర్థమైపోయింది. పైగా ఇలా చెయ్యి పట్టుకుని పోవడం అతనికి అంత కష్టంగా కూడా లేదని అర్థమైంది. ఆ రెండోదే ఆమెని భయపెట్టింది.

గుర్‌మనే చప్పుడు సన్నబడి కీచుమంది.

"పదండి!" అని దెబోరా అరిచింది. చెయ్యి వదలకుండానే ఇద్దరూ కెమెరా మీద పడ్డారు. ఆమె రెండో చేత్తో ఫిల్ము చుట్టే మరని వెనక్కి గిర్రున తిప్పి పైకి లాగింది. దాంతోపాటు ఎర్ర తీగ ఒకటి తెగి బయటికొచ్చింది. చప్పుడు ఆగిపోయింది.

కింద నుంచి భూమయ్య గొంతు వినిపించింది. "ఇంకింత పులుసు పొయ్యి లచ్చన్నా!"

"ఫొటో అయిందా?" అని అరబ్బీలో అడిగాడు కాపలాదారు.

"అయింది," అన్నాడు మనోహరం. అప్పుడు పెన్ను తీసి హిలాల్‌ని పిలిచాడు.

కెప్టెన్ మెట్లెక్కి వచ్చేదాకా ఇద్దరూ కింద కూర్చుండిపోయారు. చెయ్యి ఇంకా చేతిలోనే ఉంది. ఇప్పుడది పట్టుకున్నట్టో, బంధించినట్టో చూసేవాళ్లకి తెలియదు.

"ఎక్కడ దొరికాను?" అని అడిగింది ఆమె.

"నిన్న టాంకరు దగ్గర. సిలువ గుర్తు వేసుకున్నావు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అలసటగా నవ్వింది. "మా అమ్మమ్మ నేర్పింది. మీకు నేను చూపించినవాటిలో నిజం అదొక్కటే అయుంటుంది." మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరపడుతోంది. "నిన్ననే తెలిస్తే నిన్ననే పట్టుకోవచ్చుగా? ఇంతదాకా ఎందుకు ఆగారు?"

మనోహరం ఆమె చెయ్యి వదిలేశాడు.

"సెలవులు ఇంకో రోజు ఉన్నాయనుకున్నాను," అన్నాడు.

*

వీరాస్వామిని ప్రత్యేక విమానంలో ముందే పంపేశారు. ఢిల్లీలో అతను గుర్తుపట్టిన ఫొటోని బట్టి, మెర్క్యురీ రింగ్ నాయకుణ్ని బొంబాయి హోటల్లో టిఫిన్ తింటుండగా పట్టుకున్నారు. హిలాల్ లాకప్పులో ఉన్న ఆవిడ ఎవరో తనకి తెలియదని వాడన్నాడు, అలాంటి ఏజెంటే తమకి లేదని ఢిల్లీ ఆఫీసూ అంది. "వెల్ డన్," అన్నాడు చీఫ్ వైర్‌లెస్‌లో. "రోడ్ ట్రిప్ ఎలా ఉంది?" అంతా క్షేమం అని జవాబిచ్చాడు మనోహరం.

కోటలో ఏం జరిగిందో కింద పులుసన్నం తింటున్నవాళ్లకి తెలియదు, తెలియనివ్వలేదు కూడా. సీబ్ ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు దింపుతూ భూమయ్య అటూ ఇటూ చూశాడు.

"అమ్మగారేరి సార్? కోటకాడ సూసిందే, మల్ల కనవడలే."

"పుట్టింటికి వెళ్లింది."

భూమయ్య మొహం జాలిగా పెట్టాడు. "అలిగి పోయిందా?"

"అలాంటిదే."

"గంతేగద సార్! మా శాంతవ్వ గూడ గంతే, ఊకూకె అలిగి పుట్టింటికి ఉరుకుతది. మనమే పొయ్యి బతిమాలి తోలుకరావాలె. ఇజ్జత్ సూస్కుంట కూసుంటె సంసారం నడ్వది. జర నా మాట ఇనుండ్రి, దిగంగనె సక్కగ అత్తగారింటికే పోండ్రి."

మనోహరం సూట్‌కేసు అందుకున్నాడు.

"వెళ్దును భూమయ్యా. ఆవిడకి పుట్టిళ్లు రెండు. ఇప్పుడు ఇద్దరూ మా పిల్ల కాదంటున్నారు."